పెద్దమ్మ భయం

పెద్దమ్మ మా అమ్మను చూసి మొదటిసారి భయపడినప్పుడు నేను ఆవిడకు జడ వేస్తున్నాను. పొద్దున పూట. స్నానం చేయించి, మెడకు ఇంత పౌడరు రాసి, వాళ్ళ వీధి అరుగు మీద ఎండ పడే చోట పీట వేసి కూర్చోబెట్టాను. తల మీద పిడికెడు జుట్టు కూడా లేదు గాని, జడ వెయ్యకపోతే ఊరుకునేది కాదు. ఇంతలో అమ్మ ఉప్మా గిన్నె పట్టుకుని పెరటి దారిన వచ్చి, ఇల్లు దాటి వీధి గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో గిన్నె, రెండో చెయ్యి నడుం మీద.

"అక్కయ్యగారూ, వేడిగా ఉన్నప్పుడే తినేద్దురు గాని" అంది.

పెద్దమ్మ తల తిప్పి చూసింది. ఆవిడ మెడ బిగుసుకోవడం జడ పట్టుకున్న నా వేళ్ళకు తెలిసింది. లేవబోయి, లేవలేక, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

"తోమేసేనండి. అన్నీ తోమేసేనండి. కొట్టకండి" అంది.

నేను నవ్వాను. ఏదో కల చెప్తోందనుకున్నాను. అమ్మ నవ్వలేదు. గిన్నె అరుగు మీద పెట్టేసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది. పెద్దమ్మను నెమ్మది చేసి, ఉప్మా తినిపించి ఇంటికి వచ్చేసరికి అమ్మ వంటింట్లో కత్తిపీట ముందు ఊరికే కూర్చుని ఉంది. తరగాల్సిన వంకాయలు నీళ్ళల్లో అలాగే ఉన్నాయి.

"నన్ను వాళ్ళ అత్తగారనుకుందే" అంది.

పెద్దమ్మ మాకు రక్తసంబంధం కాదు. పక్కిల్లు. కొత్తపేటకు ఆటోలో వెళ్ళొచ్చేంత దగ్గరలో ఉన్న మా ఊళ్ళో, కాలువ వైపు వెళ్ళే వీధిలో, మా పెంకుటిల్లూ వాళ్ళ పెంకుటిల్లూ ఒకే గోడను పంచుకుంటాయి. అమ్మ ఈ ఇంటికి కాపురానికి వచ్చేనాటికే పెద్దమ్మ ఆ ఇంట్లో ఉంది. వయసులో కొంచెం పెద్ద. అమ్మకు అక్కయ్యగారు, ఆవిడకు అమ్మ చెల్లెమ్మ. అమ్మకు పురుడొచ్చినా, నాన్న పోయినా, ముందు గుమ్మంలోకి వచ్చింది పెద్దమ్మే. నాన్న పోయాక అమ్మ ఒంటరిదయిందని నేనూ మా ఆయనా ఈ ఇంటికే వచ్చేశాం. ఆయన కొత్తపేటలో మోటార్లు బాగుచేస్తారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను.

పెద్దమ్మకు మతిమరుపు వచ్చిందని మొదట పట్టుకున్నది అమ్మే. పప్పులో రెండుసార్లు ఉప్పు వేసిందనీ, ఎప్పుడో అమ్మేసిన గేదెకు కుడితి కలుపుతోందనీ చెప్పింది. తర్వాత ఒక మధ్యాహ్నం పెద్దమ్మ కాలువ గట్టు మీద చెప్పులు లేకుండా నడిచి వెళ్తుంటే మా ఊరి ఆటో అతను చూసి ఎక్కించుకొచ్చాడు. "పెద్దమ్మగారు వాళ్ళ పుట్టింటికెళ్తన్నారంటండి. ఏ ఊరో చెప్పలేకపోయేరు" అన్నాడు.

ఆవిడకు ఒక్కతే కూతురు. నేను అక్క అని పిలుస్తాను. జొన్నాడలో ఉంటుంది. వాళ్ళాయన లారీ డ్రైవరు. లారీ బోల్తాపడి వెన్నుపూస దెబ్బతింది. నడుం కింద చచ్చుబడిపోయింది. అక్కకు ఆయన్ని పక్కకు తిప్పడం, శుభ్రం చెయ్యడం, మళ్ళీ తిప్పడం, మధ్యలో ఇడ్లీ పిండి రుబ్బి ఇళ్ళకు అమ్మడం. వాళ్ళది ఒకే గది. తల్లికి బాగోలేదని తెలిసి ఆ గదిలోకే తీసుకెళ్ళింది. పెద్దమ్మ అక్కడ అన్నం ముట్టకుండా గుమ్మం పట్టుకుని నిలబడి, "మా ఇంటికి పంపించెయ్యండమ్మా, చీకటి పడిపోతంది" అని దారినపోయే వాళ్ళందర్నీ బతిమాలిందట. అక్క ఫోన్ చేసి ఏడ్చింది.

అమ్మ ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. "తీసుకొచ్చెయ్యమ్మా. మేం లేవేంటి ఇక్కడ?" అంది.

అలా మొదలైంది. ఎవరూ కూర్చుని మాట్లాడుకోలేదు, ఎవరి పని ఏమిటో అనుకోలేదు. పొద్దున్నే ఎదురింటావిడ కాఫీ తెచ్చి పోసేది. స్నానం నాది. రాత్రుళ్ళు మా ఆయన వాళ్ళ అరుగు మీద మంచం వేసుకుని పడుకునేవారు. ఆసుపత్రికి వెళ్ళాలంటే ఆటో అతను వచ్చేవాడు. మిగిలిన రోజంతా అమ్మది. పప్పు గింజలు ఏరుకుంటూనో, కొబ్బరి ఈనెలు తీసుకుంటూనో పెద్దమ్మ పక్కన కూర్చునేది. ఒకటే మాట వందసార్లు అడిగినా వందసార్లూ కొత్తగా జవాబు చెప్పేది. ఎదురింటావిడ నాతో అనేది, "మీ అమ్మగారికి ఎంత ఓపికండీ బాబూ. నేనైతే కసిరేద్దును." ఓపిక అని నాకు ఎప్పుడూ అనిపించలేదు. అమ్మకు అక్కడ కూర్చోవడం ఇష్టం, అంతే. పెద్దమ్మ మతి చాలావరకు పోయినా, అమ్మ వచ్చి పక్కన చతికిలబడితే, "వచ్చేవా" అని మోకాలి మీద చెయ్యి వేసేది.

అటువంటి మనిషి అమ్మను చూసి కొట్టకండి అంది.

ఆ అత్తగారిని నేను చూసిన గుర్తు లేదు. అమ్మ చెప్పగా విన్నదే. వంటింటి గుమ్మంలో నడుం మీద చెయ్యేసుకుని నిలబడి కోడలు పనిచేస్తుంటే చూసేదట. గిన్నెకు మసి కనిపిస్తే గరిటె తిరగేసేదట. బియ్యం డబ్బాకు తాళం. అక్క కడుపులో ఉండగా ఏదో తప్పుకు వానలో పెరట్లో నిలబెట్టిందట. అమ్మ అప్పటికి కొత్త కోడలు. గోడ ఇవతల నిలబడి చూడటం తప్ప ఏమీ చెయ్యలేకపోయానంది. చివరికి ఆ అత్తగారు మంచాన పడితే ఎత్తి పోసిందీ, నోట్లో నీళ్ళు పోసిందీ పెద్దమ్మే. ఆవిడ పోయాక పెద్దమ్మ ఎన్నడూ ఆవిడ ఊసెత్తగా నేను వినలేదు. అవన్నీ ఎప్పుడో మర్చిపోయిందనుకున్నాం. మిగిలినవన్నీ మర్చిపోయేసరికి అవే పైకి తేలాయి.

"నేనెలా కనపడ్డానే ఆవిడకి?" అని అమ్మ అద్దం ముందుకు వెళ్ళి నిలబడింది. ఈ రెండేళ్ళలో అమ్మ చిక్కిపోయింది. జుట్టు పూర్తిగా నెరిసింది. నడుంనొప్పి వల్ల ఎక్కడ నిలబడినా ఒక చెయ్యి నడుంకు ఆనుకుపోతుంది. అద్దంలో తన చేతిని తనే చూసుకుని గబుక్కున దించేసింది.

ఆ ఒక్క రోజేనేమో అనుకున్నాం. మర్నాడూ అంతే. ఆ తర్వాత వారమూ అంతే. నన్ను చూస్తే భయం లేదు, ఎదురింటావిడను చూస్తే లేదు, ఆటో అతన్ని చూస్తే నవ్వుతుంది. అమ్మ కనపడితే చాలు, తలుపు వెనక్కి వెళ్ళి నక్కేది, చీర కొంగు నోట్లో కుక్కుకునేది. ఒకసారి అమ్మ కాళ్ళ మీద పడబోయింది. అమ్మ ఆవిడను పట్టుకుని లేవదీస్తూ, "అక్కయ్యగారూ, నేనండీ, మీ చెల్లెమ్మనండీ, నన్ను చూడండొకసారి" అంటూ ఏడ్చేసింది. ఆ ఏడుపు చూసి పెద్దమ్మ ఇంకా బెదిరిపోయింది.

అమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. తెల్ల చీరలు మానేసి నా పువ్వుల చీర కట్టుకుని వెళ్ళింది. కళ్ళజోడు తీసేసి వెళ్ళింది, గడప తట్టుకుని పడబోయింది. గుమ్మంలో నిలబడకుండా, పెద్దమ్మ లేవకముందే వెళ్ళి చాప మీద కూర్చుంది. నడుం మీద చెయ్యి పడకుండా రెండు చేతులా పూల సజ్జ పట్టుకుని వెళ్ళింది. పువ్వులు చూసి పెద్దమ్మ మొహం కొంచెం విప్పారింది కూడా. అమ్మ కూర్చుని లేవబోయేసరికి నడుం పట్టేసింది, చెయ్యి తనంతట తానే వెనక్కి వెళ్ళిపోయింది. పెద్దమ్మ మంచం కిందకి దూరడానికి ప్రయత్నించింది.

అమలాపురంలో ఒక మెదడు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. ఆటోలో నేను, పెద్దమ్మ, ఎదురింటావిడ. అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. ఆయన మంచివాడే, నిదానంగా విన్నాడు. మాత్రలు రాశాడు. ఈ జబ్బులో ఇలాంటివి వస్తుంటాయన్నాడు. వాదించకండి, నిజం ఇదని ఒప్పించాలని చూడకండి అన్నాడు.

"మరేం చెయ్యమంటారండి?" అని అడిగాను.

"ఆవిడకు భయంగా ఉన్న మనిషిని దూరంగా ఉంచండి. వేరే ఎవరినైనా పెట్టుకోండి" అన్నాడు.

ఇంటికి వచ్చాక అమ్మ గేటు దగ్గరే అడిగింది, డాక్టరుగారేమన్నారని. మాత్రలిచ్చేరు అన్నాను. ఇంకా అని అడిగింది. చెప్పక తప్పలేదు. అమ్మ తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

వేరే ఎవరినైనా పెట్టుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అలా రోజంతా కూర్చోవడం అనేది ఒక పని అని మేమెవరం అనుకోలేదు, అమ్మ చేస్తోంది కాబట్టి. ఇప్పుడు నేను కుట్టు మిషను పెద్దమ్మ వాళ్ళ వసారాలోకి మార్చాను. మిషను చప్పుడుకు ఆవిడకు చిరాకు. చక్రం పట్టుకుని ఆపేసేది. పెళ్ళిళ్ళ రోజులు, జాకెట్ల వాళ్ళు వచ్చి గుమ్మంలో నిలబడేవారు. ఎదురింటావిడ కొంతకాలం మధ్యాహ్నాలు వచ్చింది. తర్వాత వాళ్ళమ్మాయిని పురిటికి తీసుకొచ్చారు, ఆ బాలింతతో, పిల్లాడితో ఆవిడకు తీరిక లేకుండా పోయింది. ఒకరోజు కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, "ఏమీ అనుకోకండేం. రేపట్నించి కాఫీ కూడా మీరే చూసుకోవాలండి" అంది. మొహం చూడలేక నేలచూపులు చూసింది. నేనేమనుకుంటాను? ఒక మనిషిని పెడదామని ఊళ్ళో అడిగాం. వచ్చినామె పెద్దమ్మను ఒక పూట చూసి, తల్లి లాంటిదే గాని నా వల్ల కాదండి అని వెళ్ళిపోయింది.

అమ్మ మాత్రం వండిపెట్టడం మానలేదు. అది పెద్దమ్మకు కనపడకుండా చెయ్యగల పని కదా. పెద్దమ్మకు ఇష్టమని కంద బచ్చలి కూర చేసేది, పనసపొట్టు తెప్పించి ఆవపెట్టి వండేది. గిన్నె పెరటి గోడ మీంచి నాకు అందించి, గోడ వెనకాలే కూర్చునేది. మా పెరట్లో ఆ గోడ వారగా గిలకబావి ఉంది. దాని చప్టా మీద కూర్చుంటే అటువైపు వాళ్ళకు కనపడదు, మాటలు మాత్రం వినపడతాయి. పెద్దమ్మకు అన్నం పెట్టేటప్పుడు నేను ఆవిడను పెరటి వసారాలోనే కూర్చోబెట్టేదాన్ని, అమ్మ వింటుందని.

ఒక మధ్యాహ్నం అన్నం ముద్ద నోటి దగ్గర పెడుతుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది. "మా అత్తగారు లేదు కదా?"

"లేదు పెద్దమ్మా. వెళ్ళిపోయింది."

"పక్కింట్లో మా చెల్లెమ్మ ఉంటది. నీకు తెల్సా? దానికి కబురు చెయ్యమ్మా. వస్తది. నేనంటే దానికి పేణం. ఎన్నాళ్ళైందో రాలేదు పాపం. ఈవిడంటే దానికీ భయవే."

ముద్ద ఆవిడ నోట్లో పెట్టాను. గోడ అవతల నుంచి "అక్కయ్యగారూ" అని అమ్మ గొంతు వచ్చింది.

పెద్దమ్మ ముద్ద మింగడం ఆపేసింది. మొహమంతా ఒక్కసారి వెలిగింది. "చెల్లెమ్మా! ఎక్కడున్నావే?"

"ఇక్కడేనండి. నూతి దగ్గర. గిన్నెలు తోముకుంటన్నాను."

"అన్నం తిన్నావా?"

"తిన్నానండి. మీరు తినండి."

"కూర బాగుందే. ఎవరో తెచ్చేరు."

గొంతులో అమ్మ అమ్మగానే ఉంది. ఆ గొంతుకు తెల్ల జుట్టు లేదు, నడుంనొప్పి లేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం భోజనం వేళ గోడకు అటు ఒకరూ ఇటు ఒకరూ మాట్లాడుకునేవారు. పెద్దమ్మ ఎన్నో ఏళ్ళ కిందటి సంగతులు అడిగేది. మీ ఆయన పొలం నుంచి వచ్చేరా, పాపకి జొరం తగ్గిందా అని. ఆ పాప నేనే. తగ్గిందండి, పడుకుంది అని అమ్మ చెప్పేది. నేను ఆవిడ మూతి తుడుస్తూ ఇద్దరి మాటలూ వినేదాన్ని. పెద్దమ్మ రెండు ముద్దలు ఎక్కువ తినేది. అమ్మ కూడా ఇంట్లోకి వచ్చి అన్నం తినేది. నిజం చెప్పాలంటే మాకు ఆ కొన్నాళ్ళూ కొంచెం ఊపిరాడింది. అక్కకు ఫోన్ చేసి చెబితే, "పిన్నికి దణ్ణం పెడతానని చెప్పవే" అంది.

వేసవి వచ్చేసరికి పెద్దమ్మ అడగడం మొదలుపెట్టింది. "మాటలేనా? ఇలా రావా?"

"పనుందండి, రేపొస్తాను" అనేది అమ్మ. రేపు మళ్ళీ అదే మాట. పెద్దమ్మకు నిన్న గుర్తుండదు గాని, అలిగిన సంగతి మాత్రం ఎలాగో మనసులో ఉండిపోయేది. "నా మీద కోపవా చెల్లెమ్మా? నేనేం చేసేనే నిన్ను?" అని ఏడిచేది. అమ్మ గోడవతల కొంగు నోట్లో పెట్టుకుని కూర్చునేది. సాయంత్రం నన్ను అడిగేది, "గొంతు గుర్తుపట్టింది కదే, మొహం కూడా గుర్తుపడుతుందేమో?" డాక్టరు చెప్పిన మాట మళ్ళీ చెప్పేదాన్ని. అవునులే అనేది.

అవి కాలువలకు నీళ్ళు కట్టేసిన రోజులు. ఊరంతా బురద వాసన, గాలి లేదు. ఆ రోజు పెద్దమ్మ అన్నం తినలేదు. ఎంత బతిమాలినా నోరు విప్పలేదు. గోడ వైపు చెయ్యి చాపి, "రావే. ఇప్పుడు రావే. ఆవిడ లేదే. మళ్ళీ వచ్చేత్తది. ఈలోగా రా" అని పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు వింటే ఎవరైనా వెళ్తారు. గోడ చివర ఉన్న తలుపు గడియ తీసిన చప్పుడు వినపడింది. నేను అమ్మా అని అనేలోపే అమ్మ లోపలికి వచ్చింది. నడుం మీద చెయ్యి లేదు. రెండు చేతులూ ముందుకు చాపి వస్తోంది.

"వచ్చేనండి అక్కయ్యగారూ" అంది.

ఒక్క క్షణం పెద్దమ్మ చూపు ఆగింది. గుర్తుపట్టినట్టే ఉంది. ఇప్పటికీ నేను ఆ క్షణం గురించి ఒట్టేసి ఏమీ చెప్పలేను. తర్వాత ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. అన్నం కంచాన్ని తోసేసి లేచింది. ఎవరి ఆసరా లేకుండా అంత వేగంగా లేవడం అంతకు ముందు ఏడాదిలో చూడలేదు. వసారా మెట్టు దగ్గర కాలు మడతపడి పెరట్లోకి పడిపోయింది.

ఆటో అతను వచ్చేదాకా అమ్మ దగ్గరకు రాలేదు. దూరంగా, నూతి పక్కన, గోడకు మొహం తిప్పుకుని నిలబడింది. తను కనపడితే పెద్దమ్మ కదలబోతుందని, కదిలితే ఇంకా నొప్పెడుతుందని. పెద్దమ్మ నా ఒళ్ళో తల పెట్టుకుని, "చెల్లెమ్మని పిలవండి, చెల్లెమ్మని పిలవండి" అంటోంది.

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఫోటోలు తీసి, ఈ వయసులో, ఇంత బలహీనమైన గుండెతో ఆపరేషన్ చెయ్యలేమన్నారు. చేసినా నడుస్తుందన్న నమ్మకం లేదన్నారు. అక్క వచ్చింది, వాళ్ళాయన్ని పక్కింటావిడకు అప్పగించి. బరండాలో బల్ల మీద కూర్చుంది. తర్వాత, "మా ఇంటికే తీసుకెళ్ళిపోతాను. ఒకరికి చేసే పని ఇద్దరికి చేస్తాను" అంది. వద్దని మేం అనలేకపోయాం. మంచం మీద మనిషికి పొద్దూ రాత్రీ చెయ్యాలి. మా వీధిలో అది చెయ్యగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నేనొక్కదాన్నే ఆవిడను లేవదీయలేను. అమ్మ నడుం వంగదు, వంగినా పెద్దమ్మ దగ్గరకు వెళ్ళడానికి లేదు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అమ్మ బయట చెట్టు కింద కూర్చుంది. అక్క బయటకు వచ్చి అమ్మ ముందు కూర్చుంటే, అమ్మ ఆమె చేతులు పట్టుకుని, "నేనే పడేసేనమ్మా మీ అమ్మని" అంది.

"అలా అనకండి పిన్నీ. అలా అంటే నేను ఇంకెవర్ని నమ్ముకోను?" అంది అక్క.

అమ్మ ఆ మాట మళ్ళీ అక్క ముందు అనలేదు. నా ముందు అంటూనే ఉండేది.

జొన్నాడ వెళ్ళాలంటే కొత్తపేట నుంచి బస్సు ఎక్కి రావులపాలెంలో మారాలి. మొదటిసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. గదిలో రెండు మంచాలు. ఒక మంచం మీద బావగారు గోడవైపు తిరిగి ఉన్నారు. రెండో మంచం మీద పెద్దమ్మ. మధ్యలో అక్క నడవడానికి మాత్రం చోటుంది. డెటాల్ వాసన, పులిసిన పిండి వాసన. అక్క ఒక మంచం దగ్గర పని ముగించి, చేతులు కడుక్కుని, వెనక్కి తిరిగితే రెండో మంచం. పెద్దమ్మ నన్ను చూసి నవ్వలేదు. జుట్టు కత్తిరించేశారు. నేను తీసుకెళ్ళిన దువ్వెన మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాను.

తర్వాతిసారి అమ్మ కూడా వస్తానంది. బస్సులో నడుం కింద నా చీర మడిచి పెట్టాను. అక్కడ దిగాక రోడ్డు మీదే ఆగిపోయి, "నేనిక్కడ కూర్చుంటాను. నువ్వు చూసొచ్చి ఎలా ఉందో చెప్పు" అంది. అక్కే బయటకు వచ్చింది. మనిషి సగమైపోయింది. అమ్మను చూసి, "లోపలికి రండి పిన్నీ" అంది.

"వద్దమ్మా. బెదిరిపోద్ది."

"బెదరదు పిన్నీ. ఇప్పుడు ఎవర్నీ పోల్చుకోవట్లేదు. నన్ను కూడా."

అమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. గడప దగ్గర ఒకసారి ఆగి, పెద్దమ్మ కళ్ళల్లోకి చూసింది. పెద్దమ్మ చూపు అమ్మ మీదుగా వెళ్ళి పైకప్పు మీద ఆగింది. అమ్మ మంచం పక్కన కింద కూర్చుని ఆవిడ చెయ్యి తీసుకుంది. ఆ చెయ్యి వెనక్కి లాక్కోలేదు, పట్టుకోనూ లేదు. అమ్మ చాలాసేపు "అక్కయ్యగారూ" అంటూ పిలిచింది. అన్నం తిన్నారా అంది. నూతి దగ్గర ఉన్నానండి అంది. పెద్దమ్మ నోటి కొసన కారిన చొంగను కొంగుతో తుడిచింది. అవతలి మంచం మీద బావగారు గోడకేసి చూస్తూనే, "మిమ్మల్ని చాలా తల్చుకునేవారండి ఇక్కడికొచ్చిన కొత్తల్లో" అన్నారు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"భయపడినా బాగుండేదే" అంది రావులపాలెం దగ్గరపడుతుండగా.

వానలు బాగా పట్టాక పెద్దమ్మ పోయింది. నడుం మీద పుండ్లు పడి, జ్వరం వచ్చి. అక్క ఎంత శుభ్రంగా చూసినా పడ్డాయి. మేం వెళ్ళేసరికే బయట పడుకోబెట్టారు. ఎదురింటావిడ కూడా వచ్చింది, మనవణ్ణి చంకనేసుకుని. అందరూ మంచి మరణం అన్నారు, ఆవిడ బాధ తీరిందన్నారు. అమ్మ పెద్దమ్మ పాదాల దగ్గర కూర్చుంది. ఎవరో లేవమ్మా అంటే లేవలేకపోయింది. ఇద్దరం పట్టి లేవదీశాం.

తర్వాత ఒకరోజు నేను జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే అమ్మ ఉన్నట్టుండి అడిగింది. "నాకూ అలా వస్తే, నువ్వు నాకెవరిలా కనపడతావో?"

"అలాంటి మాటలనకు" అన్నాను.

"కాదే. నాకు అత్తగారు మంచిదే. మరి ఎవరంటే భయపడతాను?" అని చాలా ఆలోచిస్తున్నట్టు చూసింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను మళ్ళీ హుక్కులోకి సూది దింపాను. ఏ జవాబు చెప్పినా దానితో నేను ఏం చెయ్యగలనో తెలియదు. అమ్మకు ఈమధ్య ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో గుర్తుండటం లేదు. వయసు కదా అనుకుంటున్నాను. మా ఆయనతో అనలేదు, డాక్టరు దగ్గరకు కూడా తీసుకెళ్ళలేదు.

మొన్న అక్క వచ్చింది, పెద్దమ్మ ఇల్లు ఊడ్చి తాళం వేసి వెళ్దామని. బావగారిని పక్కింటావిడ సాయంత్రం దాకా చూస్తానందట. ఇల్లు ఊడ్చి, పెరట్లో పెరిగిన గడ్డి పీకి, మా ఇంట్లో అన్నం తిని, కాసేపు నడుం వాలుస్తానని వసారాలో చాప మీద పడుకుంది. పడుకున్నది పడుకున్నట్టే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి పక్కకు చాపి. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఈగలు వాలకుండా విసనకర్రతో విసురుతోంది.

పొద్దు వాలింది. ఆటో అతను వచ్చి హారన్ కొట్టాడు. నేను గేటు దగ్గరకు వెళ్ళి, కొంచెం ఆగమని చెయ్యి ఊపాను.

"ఆగుతానండి గాని, రావులపాలెంలో బస్సెల్లిపోద్దండి" అన్నాడు.

వసారాలోకి వచ్చాను. అమ్మ నన్ను చూసి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. "ఇంకాసేపు పడుకోనీవే. ఎప్పుడు నిద్రపోయిందో ఏంటో" అంది గుసగుసగా. బయట మళ్ళీ హారన్ మోగింది. అక్కడ ఆ పక్కింటావిడకు కూడా ఇల్లూ పిల్లలూ ఉంటారు. చీకటి పడితే ఆవిడ వెళ్ళిపోవాలి.

నేనే వంగి అక్క భుజం తట్టాను.

ఆమె ఉలిక్కిపడి లేచి, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, "మంచం మీంచి పడిపోయేరా?" అంది.

"లేదక్కా. ఆటో వచ్చింది."

ఎక్కడుందో తెలియడానికి కాసేపు పట్టింది. తర్వాత జుట్టు ముడేసుకుని, అమ్మ ఇచ్చిన టీ నిలబడే తాగింది. వెళ్ళొస్తాను పిన్నీ అంది. అమ్మ ఆమె సంచిలో కందదుంపా, పచ్చళ్ళ సీసా సర్దింది. ఆటో వీధి మలుపు తిరిగేదాకా ఇద్దరం గేటు పట్టుకుని నిలబడ్డాం.